బ్రేకు మాట వినేదానికి దారి ఇవ్వండి

కేంద్ర రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖ మంత్రి
శ్రీ నితిన్ గడ్కరీ గారికి,



మీకు వచ్చే ఉత్తరాల్లో గుంతల గోడు, టోల్‌గేట్ల గోడు, ఏళ్ల తరబడి సాగే వంతెనల గోడు ఎక్కువగా ఉంటాయని తెలుసు. ఇది వాటి గురించి కాదు. మోటార్‌సైకిల్ కుడి చేతి పిడి గురించి, దూరాలు తిరిగేవాళ్లు ఆ పిడికి బిగించుకుంటున్న ఒక సాధనం గురించి. పేరు క్రూయిజ్ కంట్రోల్, పిడిని మెలితిప్పి పట్టుకోకుండానే బండిని పెట్టిన వేగం దగ్గర నిలిపి ఉంచేది. కంపెనీ నుంచే బండితో వస్తే దానికి అన్ని అనుమతులూ ఉంటాయి. అదే పని చేసేదాన్ని బండి కొన్నాక బయట బిగించుకుంటే నేరమో కాదో మా వరంగల్‌లో ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఈ అయోమయంలో ఒక తమాషా జరుగుతోంది. ఒళ్లు దగ్గర పెట్టుకుని తయారుచేసిన కిట్లంటే జనం భయపడుతున్నారు. ప్రాణం మీదికి తెచ్చే చవక బిగింపులు మాత్రం కొరియర్ కవర్లో ఇంటికొస్తున్నాయి. దీన్ని సరిచేసే అధికారం మీ శాఖ చేతిలో ఇప్పటికే ఉంది. వాడండి అని అడగడానికే ఈ లేఖ.

కారులో యాక్సిలరేటర్ కాలి కింద ఉంటుంది. మడమ కింద ఆనుతుంది, కాలి బరువే సగం పని చేసిపెడుతుంది. బైకు మీద ఆ వెసులుబాటు లేదు. కుడి పిడిని మెలితిప్పి పట్టుకోవాలి. లోపలి స్ప్రింగు దాన్ని ఎప్పుడూ వెనక్కి లాగుతూనే ఉంటుంది. అలా లాగడం మంచిదే, చెయ్యి జారితే రేజ్ దానంతటదే తగ్గాలి కదా. కానీ రెండు గంటల పాటు ఆ స్ప్రింగుతో పోట్లాడిన మణికట్టు ఏమవుతుందో నడిపినవాళ్లకే తెలుసు. సింగిల్ సిలిండర్ బండి అయితే హ్యాండిల్ అదురు కూడా తోడవుతుంది. ముందు వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తర్వాత అరచెయ్యి మొద్దుబారుతుంది. ముందు బ్రేకు పట్టాల్సింది కూడా ఆ చెయ్యే. బండిని ఆపడంలో పెద్ద వాటా ముందు బ్రేకుదే. ఇదంతా షోకు వ్యవహారమని మీ అధికారులెవరైనా ఫైలు పక్కన పెట్టబోతే, తిమ్మిరెక్కిన ఆ వేళ్లే బ్రేకు పట్టాలన్న సంగతి ఒక్కసారి వాళ్లకు చెప్పండి.

మా ఊరి నుంచి హైదరాబాద్ దాదాపు 145 కిలోమీటర్లు, 163వ నంబరు జాతీయ రహదారి. యాదగిరిగుట్ట నుంచి వరంగల్ దాకా 99 కిలోమీటర్లు నాలుగు వరుసలు చేశారు. ఆలేరు, జనగామ, రఘునాథపల్లి, స్టేషన్ ఘన్‌పూర్ మీదుగా బండి సాఫీగా సాగిపోతుంది. కోమళ్ల టోల్‌గేటు దగ్గర బైకులకు రుసుము లేదు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డెక్కనివ్వరు కాబట్టి ఘట్‌కేసర్, ఉప్పల్ రద్దీలో పడి పోవాల్సిందే. అది ఇంకో లేఖకు సరిపోయే కథ.

ఈ దారిలో బైకు మీద కనబడేవాళ్లంతా లడఖ్ స్టిక్కర్లు అంటించుకున్న కుర్రాళ్లని అనుకోకండి. వాళ్లూ ఉన్నారు, శనివారం తెల్లవారుజామున రామప్పకో, లక్నవరానికో, బొగత జలపాతానికో గుంపుగా బయల్దేరతారు. కానీ వారమంతా తిరిగేది వేరేవాళ్లు. హనుమకొండలో కాపురముండి నర్సంపేట, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి చుట్టే మందుల కంపెనీల ప్రతినిధులు, విత్తనాల కంపెనీల ఫీల్డ్ మనుషులు, ఇన్సూరెన్స్ ఏజెంట్లు. వాళ్లలో నేనెరిగిన ఒకాయన కుడి మణికట్టులో స్టీలు ప్లేటు ఉంది, పాత ఫ్రాక్చర్. శనివారం రాత్రికి ఆ చేత్తో అన్నం కలపడం కుదరదు, చెంచాతో తింటానని నవ్వుతూనే చెప్పాడు. ఆయన అడుగుతున్నది ఎగిరిపోయే వేగం కాదు. మైలుకొక్కసారైనా ఆ చేతికి కాస్త విరామం.

వేగం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2018 ఏప్రిల్‌లో మీ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌లో నాలుగు వరుసల రహదారి మీద కార్లకు గంటకు 100, మోటార్‌సైకిళ్లకు 80 కిలోమీటర్ల హద్దు పెట్టారు. మంచిదే. అయితే ఇప్పటి 350, 400 సీసీ బండ్లను 80 దగ్గర నిలపడం ఎంత కష్టమో ఎప్పుడైనా ప్రయత్నించి చూడాలి. ఇంజిన్‌కు అది ఆయాసం తెలియని వేగం. మనసు ఇంకెక్కడో ఉంటుంది, రెండు లారీలు దాటేసరికి మీటరు 95 చూపిస్తుంది. తర్వాత ఫోన్‌కు చలానా వస్తుంది. మీ శాఖ నివేదిక ప్రకారమే 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71.2 శాతం మరణాలు మితిమీరిన వేగం పద్దులో ఉన్నాయి. చనిపోయినవాళ్లలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద పోతున్నవాళ్లు. అనుకున్న వేగం దాటకుండా పట్టి ఉంచే సాధనం ఈ లెక్కలో ఏ పక్కన నిలబడుతుందో మీరే చూడండి.

అసలు క్రూయిజ్ కంట్రోల్ పుట్టిందే ఆ పని కోసం. అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రాల్ఫ్ టీటర్ అనే ఇంజినీరు ఉండేవాడు. ఐదేళ్ల వయసులో ప్రమాదంలో చూపు పోయింది. కారు నడపలేడు, పక్కన కూర్చుని వెళ్లేవాడు. నడిపే లాయరు కబుర్లలో పడి కాసేపు తొక్కడం, కాసేపు వదిలేయడం, ఆ కుదుపులకు విసిగి ఈ యంత్రం మీద పడ్డాడని చెబుతారు. 1950లో పేటెంట్ వచ్చింది, 1958లో క్రైస్లర్ కంపెనీ కార్లలో పెట్టి అమ్మింది. ఆ తొలి యంత్రంలో అనుకున్న వేగం దాటబోతే పెడల్ కాలికి ఎదురుతిరిగేది. అంటే డ్రైవరు కాలికి కళ్లెం వేయడానికి ఒక అంధుడు కనిపెట్టిన వస్తువది. సుఖం సంగతి తర్వాత వచ్చి చేరింది. 1980ల్లో హోండా గోల్డ్‌వింగ్ లాంటి భారీ బైకులు దాన్ని తెచ్చుకున్నాయి. మన దగ్గర చాలాకాలం అది కోటీశ్వరుల బండ్ల ముచ్చటగానే ఉండిపోయింది.

ఇప్పుడలా లేదు. 2023లో టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 310, 2025లో కొత్త కేటీఎం 390 అడ్వెంచర్ క్రూయిజ్ కంట్రోల్‌తో వచ్చాయి. 2025 ఆగస్టులో హీరో కంపెనీ గ్లామర్ ఎక్స్ అనే 125 సీసీ బండిలోనే పెట్టేసింది. పాలు పోసుకునే మనిషి, బడికి పోయే టీచరు కొనుక్కునే తరగతి బండి అది. కేబుల్ బదులు తీగలో సంకేతం పంపే రైడ్ బై వైర్ థ్రాటిల్ ఉంటే చాలు, క్రూయిజ్ అనేది దాదాపు సాఫ్ట్‌వేర్ పనే. కాబట్టి బైకు మీద క్రూయిజ్ ప్రమాదమా కాదా అన్న వాదన మీ శాఖ దగ్గర ఇక చెల్లదు. కొత్త బండికి మీరే ఒప్పుకున్నారు. మిగిలింది ఇప్పటికే రోడ్డు మీదున్న పాత బండ్ల సంగతి. వాటిలో ఎక్కువ వాటికి కేబుల్ థ్రాటిలే. దూర ప్రయాణాల కోసమని జనం ఇష్టపడి కొన్న రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత హిమాలయన్, మీటియర్ 350, ఇంటర్‌సెప్టర్ 650 కూడా కేబుల్ బండ్లే.

వీటికి బయట దొరికేవాటిలో మొదటిది అసలు క్రూయిజ్ కంట్రోలే కాదు. పిడికీ స్విచ్చుల డబ్బాకీ మధ్య బిగించే ఒక క్లాంపు, థ్రాటిల్ లాక్ అంటారు. మెలితిప్పిన చోటే పిడి నిలిచిపోతుంది. అది పట్టుకునేది పిడిని, వేగాన్ని కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు బండి నీరసిస్తుంది, దిగేటప్పుడు పరుగందుకుంటుంది. అదైనా సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఇంకొకటి: దానికీ బ్రేకుకూ సంబంధమే లేదు. అడ్డంగా గేదె వచ్చి రెండు బ్రేకులూ నొక్కారనుకోండి, ఇంజిన్ మాత్రం వెనక నుంచి తోస్తూనే ఉంటుంది. పేరున్న కంపెనీలు చేసే లాకులు చేత్తో బలంగా తిప్పితే మూసుకునేలా రాపిడి సరిచూసి తయారవుతాయి, ఆ తేడా ఒప్పుకోవాలి. కొన్ని వందలకు దొరికే నకళ్లకు ఆ లెక్కాపత్రం ఉండదు. ఎండకు రబ్బరు మెత్తబడితే జారుతుంది, దుమ్ము పడితే పట్టేస్తుంది. ఆ పట్టేసే రోజు ఏదో ముందే తెలియదు.

రెండోది నిజమైన క్రూయిజ్. పాత కార్ల కోసం తయారైన వాక్యూమ్ సర్వోను తెచ్చి కేబుల్ బైకుకు అమర్చడం. ములుగు రోడ్డు వైపు ఒక షెడ్డులో ఈ పని జరుగుతుంటే ఓ సాయంత్రం స్టూలు వేసుకుని కూర్చుని చూశాను. పేపరు మీద చట్టం రాసేవాళ్లు ఒక్కసారైనా చూడాల్సిన పని కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

సీటు, ట్యాంకు విప్పి గోనెసంచి మీద పెట్టారు. సర్వో అంటే పిడికిలి కన్నా కాస్త పెద్ద నల్ల డబ్బా. లోపల రబ్బరు పొర ఉంటుంది. ఇంజిన్ గాలి పీల్చుకునేటప్పుడు పుట్టే వాక్యూమ్ ఆ పొరను లాగుతుంది, పొర కేబుల్‌ను లాగుతుంది, కేబుల్ థ్రాటిల్‌ను తెరుస్తుంది. కారుకు నాలుగు సిలిండర్లు కాబట్టి ఆ పీల్పు ఎడతెగకుండా ఉంటుంది. ఒకే సిలిండరున్న బండిలో అది తెరలు తెరలుగా వస్తుంది, మధ్యలో ఖాళీ. దానికి మందు ఏమిటంటే ఒక జానెడు పీవీసీ పైపు ముక్క. రెండు వైపులా మూతలు అంటించి, వెనక్కి పోనివ్వని వాల్వు పెట్టి, వాక్యూమ్ నిల్వ డబ్బాగా మార్చాడు మెకానిక్. "గిది లేకుంటే సర్వో ఊకె కొట్టుకుంటది అన్నా, బండి దుంకుకుంట పోతది" అన్నాడు. బోరుబావికి వాడే పైపే అది.

వేగం తెలియడానికి వెనక చక్రానికి చిన్న అయస్కాంతం, ఎదురుగా సెన్సర్ కాయిలు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బైకులన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు కదా, ఆ ఏబీఎస్ సెన్సర్ తీగలోనే వేగం సమాచారం ఉంటుంది. అందులోంచి ఓ కొస లాక్కుంటే అయస్కాంతం బాధ తప్పుతుంది. అదే మాట బండి ఓనరు అడిగాడు. మెకానిక్ ఒప్పుకోలేదు. తీగలో సంకేతం కొంచెం చెదిరినా ఏబీఎస్ పక్కకు పోతుందని, క్రూయిజ్ కోసం బ్రేకును పణంగా పెట్టే పని తన షెడ్డులో జరగదని ముక్కుసూటిగా చెప్పాడు.

అసలు కిటుకు బ్రేకు లైటు దగ్గర వచ్చింది. ఈ సర్వోలు తయారైన రోజుల్లో బ్రేకు లైటంటే లోపల సన్న తీగ వెలిగే బల్బు. క్రూయిజ్ యంత్రం ఆ తీగ గుండా ఎర్త్ అందుతోందో లేదో చూసుకుంటూ ఉంటుంది. అందితే సరే, పట్టుకుంటుంది. బ్రేకు నొక్కగానే అక్కడికి 12 వోల్టులు వస్తాయి, వెంటనే వదిలేస్తుంది. ఇప్పటి బండ్లకు ఎల్ఈడీ లైట్లు. వాటిలోంచి ఆ ఎర్త్ దొరకదు. యంత్రం ఏదో తేడా ఉందనుకుని అసలు పట్టుకోనే పట్టుకోదు. దీనికి సరైన విరుగుడు మధ్యలో ఒక రిలే పెట్టడం. తప్పుడు విరుగుడు కూడా ఉంది, అది రెండు నిమిషాల పని. ఆ తీగను నేరుగా బండి బాడీకి కలిపేయడం. అలా చేస్తే క్రూయిజ్ చక్కగా పట్టుకుంటుంది, ఓనరు సంతోషంగా డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. బ్రేకు నొక్కారన్న సంగతి మాత్రం యంత్రానికి ఎప్పటికీ తెలియదు.

ఈ మెకానిక్ కుర్రాడు రిలే పెట్టాడు. సర్వోకూ థ్రాటిల్‌కూ మధ్య పూసల గొలుసు కట్టి, చేత్తో పిడి తిప్పినప్పుడు సర్వో అడ్డుపడకుండా ఆ గొలుసుకు కొంచెం వదులు ఉంచాడు. క్లచ్ పట్టుకోగానే ఇంజిన్ ఒక్కసారిగా అరవకుండా క్లచ్ లివర్ దగ్గరి స్విచ్చునూ కలిపాడు. బండిని సెంటర్ స్టాండ్ వేసి, చక్రం గాల్లో తిప్పి, ముందు బ్రేకు ఒక్కటే, వెనక బ్రేకు ఒక్కటే, క్లచ్ ఒక్కటే, విడివిడిగా నొక్కి ప్రతిసారీ వదులుతోందో లేదో చూశాడు. చివర్లో ఓనరు చేత కూడా నొక్కించాడు. అప్పుడే చీకటి పడింది, దోమలు మొదలయ్యాయి, ఓనరుకు ఇంటి నుంచి ఫోన్లు. అయినా వదల్లేదు.

ఆ షెడ్డులో అంత జాగ్రత్త ఉంది. ఇంకో షెడ్డులో రెండు నిమిషాల విరుగుడే ఉండొచ్చు. బయట నుంచి చూస్తే రెండు బండ్లూ ఒకేలా ఉంటాయి, హ్యాండిల్ మీద ఒకేలాంటి బటన్ ఉంటుంది. ఏది మంచిదో ఏది చంపుతుందో తేల్చే పరీక్ష దేశంలో లేదు. నా ఫిర్యాదంతా ఇదే. మెకానిక్ మనస్సాక్షి మీద మా ప్రాణాలు నడుస్తున్నాయి.

మూడో రకం గురించి ఎక్కువ చెప్పను. ఆస్ట్రేలియాలో ఎంసీక్రూయిజ్ లాంటి సంస్థలు ఒక్కో మోడలు బైకుకు విడిగా కొలిచి, తీగలు కోయకుండా ప్లగ్గులు కలిపితే సరిపోయే కిట్లు చేస్తాయి. రైడ్ బై వైర్ బండ్లకైతే సర్వో కూడా అక్కర్లేదు. పనితనం బాగుంటుంది. దిగుమతి సుంకంతో కలిపి పదుల వేలు దాటుతుంది. అంత పెట్టి తెప్పించుకున్నవాడు కూడా రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే ఏం చెప్పాలో తెలియక బటన్ మీద గుడ్డ కప్పుకుని తిరుగుతాడు.

ఇక చట్టం. మోటారు వాహనాల చట్టం 1988లో 52వ సెక్షన్: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో రాసినదానికి, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఇంకా బిగించి చెప్పింది. అదే సంవత్సరం చట్టానికి చేసిన సవరణ 182ఏను కొత్తగా రాసింది. అనుమతి లేని మార్పులు, అదనపు భాగాలు బిగించడానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. సరే, మా ఆర్సీలో థ్రాటిల్‌కు ఒక గడి అంటూ లేదు. కాబట్టి క్రూయిజ్ బిగిస్తే ఆర్సీకి భిన్నం కాదని ఒక వకీలు అంటాడు. అదనపు భాగం కదా, ఎక్కడ అనుమతించారో చూపించమని ఇంకో వకీలు అంటాడు. ఈ ఇద్దరి మధ్య ఇన్సూరెన్స్ సర్వేయరు కూర్చుంటాడు. ప్రమాదం జరిగాక క్లెయిము ఎగ్గొట్టడానికి ఆయనకు ఆ ఒక్క బటన్ చాలు, అది ప్రమాదానికి కారణమైనా కాకపోయినా.

2019 సవరణ ఇంకో మాట కూడా 52లో చేర్చింది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. బండ్లలో మార్పులకు, అదనపు బిగింపులకు ప్రమాణాలు, అనుమతి షరతులు కేంద్ర ప్రభుత్వం నిర్ణయించవచ్చు. అలా నిర్ణయించిన మార్పు చేసుకుంటే కంపెనీ వారంటీ కూడా పోదు. తలుపు మీరే పెట్టారు, గడియ తీయడమే మిగిలింది. సీఎన్‌జీ కిట్లకు అంతకుముందే అలాంటి దారి ఇచ్చారు. పెట్రోలు బండిని ఎలక్ట్రిక్ చేసే కిట్లకు ఏఐఎస్-123 అనే ప్రమాణం రాశారు. ఇంజిన్ మొత్తాన్నే పీకి బ్యాటరీ పెట్టే పనికి ప్రమాణం రాయగలిగినవాళ్లకు, థ్రాటిల్ కేబుల్ పక్కన ఇంకో కేబుల్ కలిపే పనికి రాయడం ఎంతసేపు?

రోడ్డు భద్రత గురించి పట్టించుకునే మిత్రులు వెంటనే ఒక ప్రశ్న వేస్తారు. మన రోడ్ల మీద క్రూయిజేమిటయ్యా అని. న్యాయమైన ప్రశ్నే, దాటవేయను. వరి కోతలయ్యాక మా వైపు రోడ్డు ఒక వరుస వడ్లతో నిండిపోతుంది. కల్లం లేని రైతు ఎక్కడ ఆరబోసుకుంటాడు, అతన్ని తిట్టి లాభం లేదు. వడ్లు కొట్టుకుపోకుండా అంచున పెట్టిన రాళ్లు రాత్రి కనిపించవు. వెనక లైటు లేని ట్రాక్టర్ ట్రాలీలు, అర కిలోమీటరు కలిసొస్తుందని డివైడర్ సందు నుంచి రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే ఆటోలు, మీరు కట్టిన రోడ్డు మీదే ఉన్నాయి. ములుగు దాటి పస్రా నుంచి తాడ్వాయి వైపు అడవిలోకి పోతే మలుపులు, కోతులు. అక్కడ క్రూయిజ్ ఆన్ చేసేవాణ్ని బండి దింపి నడిపించాలి. మేడారం జాతర వారంలోనైతే ఆ దారిలో మొదటి గేరు దాటే ప్రసక్తే లేదు.

కానీ క్రూయిజ్ అంటే హైదరాబాద్‌లో ఆన్ చేసి కాజీపేటలో ఆపేసే వస్తువని ఎవరన్నారు? జనగామ దాటాక రోడ్డు ఖాళీగా కనబడిన ఐదు నిమిషాలు, ఆలేరు తర్వాత ఇంకో ఐదు. చెయ్యి పిడి మీదే ఉంటుంది, రెండు వేళ్లు బ్రేకు లివర్ మీద ఉంటాయి. మణికట్టు మాత్రం వదులవుతుంది. దూరంగా ట్రాక్టరు కనబడగానే వేలు తగిలితే చాలు, పట్టు విడిపోతుంది. ఆ ఐదేసి నిమిషాల విరామాలు కలిస్తేనే ఉప్పల్ రద్దీకి చేరేటప్పటికి చెయ్యి బతికుంటుంది. చెయ్యి వదిలేసి సెల్ఫీలు దిగేవాడి సంగతంటారా, వాడు థ్రాటిల్ లాక్‌తో ఇప్పుడే దిగుతున్నాడు. వాణ్ని ఆపడానికి పోలీసులున్నారు. వాడి పేరు చెప్పి మణికట్టులో ప్లేటున్న మనిషికి దారి మూయడం సబబు కాదు.

కాబట్టి మీ శాఖను అడిగేది ఇది. బయట బిగించే క్రూయిజ్ కిట్లకు ఒక ప్రమాణం రాయించండి. ముందు బ్రేకు, వెనక బ్రేకు, క్లచ్, ఏది తగిలినా పట్టు వదలాలి. పిడిని చేత్తో మూస్తే ఏ అడ్డూ లేకుండా మూసుకోవాలి. ఏ తీగ తెగినా, ఏ ఫ్యూజు పోయినా యంత్రం వదిలే వైపే పడిపోవాలి, పట్టుకునే వైపు కాదు. ఏబీఎస్ తీగను ముట్టుకోకూడదు. నా తరఫున ఇంకొకటి కలుపుతున్నాను, తోటి రైడర్లలో కొందరికి నచ్చదని తెలిసే: ఈ కిట్లు 80 దాటిన వేగాన్ని పట్టుకోకుండా తయారీలోనే హద్దు పెట్టండి. 80 హద్దు మీరే పెట్టారు, దాని లోపల ఉండటానికే సాధనం అడుగుతున్నాం. ఇంకా ఎక్కువ కావాలన్నవాడు తన చేత్తో తిప్పుకుని తన చలానా తను కట్టుకుంటాడు.

పరీక్షకు కొత్త సంస్థలు అక్కర్లేదు. పుణెలో ఏఆర్ఏఐ ఉంది, మానేసర్‌లో ఐక్యాట్ ఉంది. కిట్టు నమూనా ఒకసారి పరీక్షలో నెగ్గితే దానికొక నంబరివ్వండి, బిగించిన షెడ్డు పేరుతో సహా ఆ నంబరు ఆర్సీలో ఎక్కించండి. సీఎన్‌జీ కిట్టును ఆర్టీఏ ఆఫీసులో ఇప్పుడు ఆర్సీలో ఎక్కిస్తూనే ఉన్నారు. బిగించే మెకానిక్‌కు చిన్న శిక్షణ, చిన్న లైసెన్సు పెట్టండి. రిలే పెట్టినవాడికీ పెట్టనివాడికీ తేడా అప్పుడు కాగితం మీద కూడా కనబడుతుంది. దేశంలోనే తయారుచేయడానికి ముందుకొచ్చేవాళ్లకు కూడా ధైర్యం వస్తుంది. ఇప్పుడు ఏ భరోసాతో పెట్టుబడి పెడతారు? మా వరంగల్‌లో 1959 నుంచి ఇంజినీరింగ్ చెబుతున్న కాలేజీ ఉంది, ఇప్పుడు ఎన్ఐటీ అంటున్నాం. ఒక సర్వో, ఒక కంట్రోలరు, నాలుగు స్విచ్చులు అక్కడి పిల్లలకు ఫైనలియర్ ప్రాజెక్టు కన్నా పెద్ద పని కాదు.

థ్రాటిల్ లాకుల విషయంలో మాత్రం దయ చూపకండి. అదే 182ఏలో, భద్రతకు కీలకమని మీరు నోటిఫై చేసిన భాగాల్లో ప్రమాణాలకు తగనివి అమ్మితే ఒక్కోదానికి లక్ష రూపాయల జరిమానా, లేదా ఏడాది వరకు జైలు, లేదా రెండూ అని ఉంది. థ్రాటిల్‌ను పట్టి ఉంచే ప్రతి వస్తువునూ ఆ జాబితాలో చేర్చండి. బ్రేకు నొక్కితే వదలనిది ఏదీ అంగట్లో దొరకకూడదు. కొన్న కుర్రాడికి 5,000 వేసే ముందు అమ్మినవాణ్ని పట్టుకోండి.

2023 జూలై 8న ప్రధానమంత్రి వరంగల్ వచ్చి మీ శాఖ పనులకు శంకుస్థాపన చేశారు. కరీంనగర్ - వరంగల్ మధ్య 68 కిలోమీటర్లు నాలుగు వరుసలు చేయడం, మంచిర్యాల - వరంగల్ మధ్య 108 కిలోమీటర్ల కొత్త రహదారి అందులో ఉన్నాయి. ఆ రోడ్లు పూర్తయితే మా జిల్లాల బైకులు ఇప్పటికన్నా ఎక్కువ దూరం, ఎక్కువసేపు ఒకే వేగంతో పోతాయి. కరీంనగర్ రోడ్డు మీద తొలి బోర్డు నిలబెట్టేలోపు ఈ ప్రమాణం ముసాయిదా అయినా ప్రజల ముందు పెట్టండి. అభ్యంతరాలకు గడువిస్తే, మొదటి వారంలోనే మా షెడ్డుల నుంచి మీకు పనికొచ్చే సూచనలు వస్తాయి.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక మోటార్‌సైకిల్ ప్రయాణికుడు